బదరీవృక్షము క్రింద దేవుడు పెట్టిన రొట్టె

ధ్యాన భాగము: 1 రాజులు 19వ అధ్యాయము, 1 నుండి 18 వరకు వచనములు



కర్మెలు పర్వతముమీద ఏలీయా ప్రార్థింపగా ఆకాశమునుండి అగ్ని దిగినదని మన సండేస్కూలు పిల్లలు సహితము ఎరుగుదురు. అయితే ఆ వెంటనే జరిగిన సంగతిని మనము అంతగా ధ్యానించుట లేదు. యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు కబురు విని ఆ మహా ప్రవక్త ప్రాణభయముతో పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, తనకిక ఈ బ్రదుకు చాలుననియు, తన ప్రాణము తీసికొమ్మనియు దేవుని వేడుకొనెను.

ఇట్లు వేడుకొన్నవాడు అవిశ్వాసి కాడు, సోమరి కాడు. నిన్నటివరకు దేవుని పక్షమున ఒంటరిగా నిలిచినవాడు. మోషేయు, యోబును, యిర్మీయాయు, యోనాయు ఇట్టి మాటలే పలికినట్లు వ్రాయబడియున్నది. కావున మనస్సు క్రుంగుట విశ్వాసము లేనివారికి మాత్రమే వచ్చునని ఎవరును అనుకొనకూడదు.

ఇప్పుడు దేవుడు ఏమి చేసెనో వరుసగా గమనింపుడి. ఆయన ఏలీయాను గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను. తరువాత దూత వచ్చి అతని తట్టి లేపగా, నిప్పులమీద కాల్చిన రొట్టెయు, నీళ్ల కూజాయు తలదగ్గర ఉండెను. అతడు తిని, త్రాగి, మరల పరుండెను. అప్పుడును దూత విసుగుకొనలేదు. రెండవమారు లేపి, పోవలసిన దారి దూరమని చెప్పి మరల తినిపించెను. నలువది దినములు నడిచి హోరేబు చేరిన పిమ్మటనే దేవుడు అతని సంగతి అడిగెను. ఏలీయా ఒకే మొరను రెండుమార్లు చెప్పుకొన్నను ఆలకించెను. అటు తరువాత చేయుటకు పని ఇచ్చెను, ఎలీషా అను తోడునిచ్చెను, అతడు ఒంటరివాడు కాడని తెలియజేసెను.

నిద్ర, ఆహారము, ఆలకించు చెవి, పని, తోడు: ఇది దేవుని వరుస. మనమైతే దీనిని తలక్రిందులు చేయుచున్నాము. మొదటనే బోధ చేయుదుము, రొట్టె సంగతి మరచిపోవుదుము.

మన కోటగిరి ప్రాంతములో బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు తక్కువమంది కారు. భర్త దుబాయిలోనో మస్కట్టులోనో ఉండగా, పగలంతా బీడీలు చుట్టి రాత్రంతా కన్ను మూయలేని తల్లి కలదు. అప్పు తీరక, పంట చేతికి రాక, ఎవరితోను మాటలాడక గట్టుమీద కూర్చుండు రైతు కలడు. 1937లో స్థాపింపబడిన బోధను నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, జీతముతో పాటు దినచర్యయు, తోటి పనివారి స్నేహమును పోగొట్టుకొన్న ఇంటి యజమానులు కలరు. ప్రసవమైన కొన్ని దినములకే కారణము తెలియక ఏడ్చుచు, బిడ్డను ఎత్తుకొనుటకు మనసొప్పని బాలింత కలదు.

దుఃఖమంతయు రోగము కాదు. ఆప్తుడు మరణించినప్పుడు యేసుప్రభువు కూడ కన్నీరు విడిచెను. కాని రెండు వారములకు మించి ప్రతిదినము మనస్సు క్రుంగియుండుట, నిద్రయు ఆకలియు చెడుట, ఇష్టమైన పని రుచింపకుండుట, తాను పనికిరానివాడనని తలంచుట, చావును కోరుట కనబడినయెడల అది వైద్యము కావలసిన వ్యాధి. 2015-16లో మన దేశమున జరిగిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్లును, వారిలో ఎక్కువమందికి వైద్యము అందుట లేదనియు తేలినది. వారు మన బల్లలమీదనే, మన ప్రక్కనే కూర్చుండుచున్నారు.

అయ్యా, ఇది దయ్యముల పని కాదా అని కొందరు అడుగుదురు. మత్తయి సువార్త 4వ అధ్యాయము 24వ వచనము చదువుడి. అక్కడ దయ్యము పట్టినవారు వేరుగాను, మూర్ఛరోగులు వేరుగాను, పక్షవాతము గలవారు వేరుగాను చెప్పబడియున్నారు. ప్రతి వ్యాధిని దయ్యమనుట సువార్తికుని మాట కాదు. సమాధులలో తిరిగిన ఆ గెరాసేనుల దేశస్థుని తలంచుకొనుడి. గొలుసులు వేసినవారు ఆ ప్రాంతపు మనుష్యులు, యేసు కాదు. ప్రభువు అతని బాగుచేసి తన ఇంటివారియొద్దకు పంపెను. కావున మతి తప్పినవానిని కట్టుటయు, కొట్టుటయు, అన్నము మాన్పించుటయు మన ప్రభువు మార్గము కాదు.

ప్రార్థన చాలదా, మందెందుకు అని మరికొందరు అందురు. హిజ్కియా రాజు ప్రార్థింపగా దేవుడు ఆలకించెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన విన్న దేవుడే మందును పంపెను.

మన జిల్లా కన్నులారా చూచిన సంగతి ఒకటి చెప్పుదును. 2015లో ప్రభుత్వము కల్తీకల్లును అరికట్టగా, నిజామాబాదు జిల్లాలోను ఇతర చోట్లను అనేకులు ఉన్నట్టుండి వణకుచు, ఫిట్సు వచ్చి పడుచు, లేనివి కనబడుచున్నవని కేకలు వేయుచు ఆసుపత్రులకు తేబడిరి. వారికి గాలి సోకలేదు. కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలుపబడుచుండెను. ఏండ్ల తరబడి త్రాగుటవలన మెదడు వాటికి అలవాటుపడినది. అవి ఒక్కసారిగా ఆగిపోగా మెదడు అదుపు తప్పినది. మంచి ఉద్దేశముతో మానినను, ఒక్కదినములో మానుట ప్రాణాపాయము కావచ్చును. వైద్యుని చేతిక్రింద కొద్దికొద్దిగా తగ్గింపవలెను. కీడు ఇంకను పోలేదు. 2025 ఏప్రిలులో ప్రక్కనున్న కామారెడ్డి జిల్లాలో కల్తీకల్లు త్రాగి పదులకొలది జనులు ఆసుపత్రి పాలైరి.

ఇంటిలో త్రాగువాడు ఎందుకు త్రాగుచున్నాడో అడిగితిమా? పలువురు నిద్ర కొరకు, దిగులు మరచుట కొరకు దుకాణమునకు పోవుదురు. బదరీవృక్షము క్రింద దేవుడిచ్చిన నిద్ర వేరు, కల్లు సీసాలోని నిద్ర వేరు. మొదటిది మనుష్యుని లేపి నడిపించును, రెండవది లేవనియ్యదు. అట్టివానిని సంఘములోనుండి త్రోసివేయుటకు ముందు ఆసుపత్రికి తోడుగా వెళ్లువారు ఎవరు?

సిగ్గుచేత దాచిపెట్టు వ్యాధి మన జిల్లాకు క్రొత్త కాదు. ఒకప్పుడు కుష్ఠురోగిని ఊరిబయటకు వెళ్లగొట్టిరి, అది శాపమనిరి. వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ పాదిరిగారును 1915లో డిచ్‌పల్లిలో అట్టివారికి ఆసుపత్రి తెరచిరి. అందుకు ధనమిచ్చిన నర్సాగౌడ్ గారు హిందువు. శాపమనుట మాని వ్యాధి అన్ననాడే వైద్యమునకు తలుపు తెరవబడెను. నేడు కుష్ఠు మాత్రలతో నయమగుచున్నది. మనోవ్యాధి విషయములో మన సంఘములు ఆ తలుపు తెరువవలసియున్నది.

కావున మనము చేయదగిన పనులు కొన్ని కలవు. ప్రతి ఇంటిలో రాత్రి వేళకు పరుండుటయు, అందరు కలిసి అన్నము తినుటయు, వారమునకొక దినము విశ్రమించుటయు భక్తిలో భాగమని యెంచుడి. ఎవరైన కూటములకు రాకపోయినయెడల, ఎందుకు రాలేదని నిలదీయక, ఒక గిన్నెలో కూర పట్టుకొని వెళ్లుడి. "ఏమాయె తమ్మీ, రాత్రి నిద్ర పడుతున్నదా?" అని అడిగి, తరువాత మీరు మాటలాడక వినుడి. చావవలెనని ఉన్నదా అని మెల్లగా అడుగుటకు భయపడకుడి; అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, భారము కొంత దిగును. ఉన్నదని చెప్పినయెడల వానిని ఒంటరిగా విడువకుడి. పురుగుల మందు డబ్బా ఇంటిలోనుండి తీసివేసి, తాళము వేసి మరొకచోట నుంచుడి.

నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి తోడుకొని వెళ్లుడి. అంతదూరము పోలేనివారు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవ రాత్రింబగళ్లు ఉచితము, తెలుగులో మాటలాడవచ్చును. దిగులుకు ఇచ్చు మందు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. రెండు దినములు మ్రింగి గుణము లేదని మానకుడి, బాగున్నదని మీ అంతట మీరే ఆపకుడి. ప్రాణము తీసికొనబోయినవానిపై పోలీసు కేసగునను భయముతో వైద్యము ఆలస్యము చేయకుడి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము అట్టివానిని శిక్షింపదగినవానిగా కాక, సహాయము పొందదగినవానిగా ఎంచినది.

క్రుంగియున్న సహోదరుడా, సహోదరీ, ఈ పేజీ నీవే చదువుచున్నయెడల నీతో ఒక మాట. నేనొక్కడనే మిగిలితినని ఏలీయా అనుకొనెను. అతడు అబద్ధమాడలేదు, అతని కంటికి అట్లే కనబడెను. కాని బయలుకు మోకరింపనివారు ఏడువేలమంది ఉన్నారని దేవుడు చెప్పెను. నీ కంటికి కనబడనంతమాత్రమున నీవారు లేనివారు కారు. నేడే ఒకరితో చెప్పుము. దేవుడు నిన్ను గద్దించుటకు రాలేదు, రొట్టె పట్టుకొని వచ్చియున్నాడు. లేచి తినుము; నీవు నడువవలసిన దారి ఇంకను ఉన్నది.

ఆ రొట్టెను మోసికొనిపోవు చేతులుగా ప్రభువు మన సంఘములను చేయునుగాక. ఆమేన్.