లుంగీ చుట్టుకున్నాక

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో దంతేశ్వరి గుడిలోకి మగవాళ్లని ప్యాంటుతో రానివ్వరు. కలెక్టరైనా, పహిల్వానైనా పంచో లుంగీయో చుట్టుకోవాల్సిందే. బాబాయ్ నాకో లుంగీ అందిస్తూనే వాదనకు దిగాడు. ఆయనది శ్రీకాకుళం. బైలాడిలా గనుల్లో పనిచేసి, రిటైరయ్యాక బచేలీలోనే ఉండిపోయాడు.

"రాజకీయాల్లో రెండే రకాలురా. పుస్తకాల పురుగొకడు, కండలున్నోడొకడు. ఈ అడివికి రెండోవాడే కావాల. మహేంద్ర కర్మని బస్తర్ టైగర్ అని ఊరికే అన్నారేటి?"

"ఆ టైగర్ 1980లో అసెంబ్లీకి వెళ్లింది సీపీఐ టికెట్ మీద బాబాయ్. 2008లో సొంత దంతెవాడలోనే ఓడిపోయాడు. అప్పుడా కండలేమయ్యాయి?"

"కలెక్టరు చౌదరి మాత్రం ఓడలేదేటి?"

ఓడాడు. ఓ.పి. చౌదరి ఇక్కడ కలెక్టరుగా ఉండి, గీదం దగ్గరి జావంగా ఎడ్యుకేషన్ సిటీతో పేరు తెచ్చుకున్నాడు. 2018లో ఉద్యోగం వదిలేసి ఖర్సియాలో నిలబడి ఓడిపోయాడు. 2023లో రాయగఢ్‌లో గెలిచి రాష్ట్ర ఆర్థిక మంత్రి అయ్యాడు.

"చూశావా, పులీ ఓడింది, పుస్తకమూ ఓడింది. ఇవి రకాలు కావు, మనం తొడిగే వేషాలు."

"అదీ నిజమేలే," అన్నాడు. ఇంత తొందరగా దిగొస్తాడనుకోలేదు. "మరి సోనీ సోరి? బడిపంతులమ్మ. 2014లో బస్తర్ ఎంపీకి నిలబడింది. ఆవిడ ఏ రకం?"

"ఆవిడ సంగతి ఇంకోసారి," అన్నాను.

దర్శనం అయి బయట కూర్చున్నాక అసలు మాట తీశాడు. "2010లో తాడ్‌మెట్లలో మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు పోయారు. నేనిక్కడే ఉన్నాను. పుస్తకం తూటాని ఆపదురా. ఢిల్లీలో కూచుని తీర్పులు రాసీవోళ్లకి ఏటి తెలుస్తాది?"

ఈ మాటని తేలిగ్గా తోసెయ్యలేను. ఆయన చెబుతున్న సుప్రీంకోర్టు తీర్పు 2011 జూలై 5 నాటిది. కేసు వేసినవాళ్లలో ప్రొఫెసర్ నందినీ సుందర్ ఉన్నారు. ధర్మాసనంలో జస్టిస్ నిజ్జర్‌తో పాటు మన తెలుగాయన, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వా జుడుం కాలం నాటి ఎస్పీవోలకు, అంటే ప్రత్యేక పోలీసు అధికారులకు, తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. పుస్తకాల పురుగుల పనే, కాదనను.

"ఆ ఎస్పీవో కుర్రాణ్ణి ఒకసారి చూడు బాబాయ్. ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యం. నెలకు 3,000. రెండు నెలల శిక్షణ. తుపాకీ కాల్చడమూ అందులోనే, చట్టం, సాక్ష్యం, మానవ హక్కులూ అందులోనే. అలాంటివాళ్లు 6,500 మంది. కండలు చూసి తీసుకున్నారా వాళ్లని? ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ ఊళ్లో ఎవరుంటారో వాళ్లకి తెలుసు. గోండి వచ్చు. కావలసింది ఆ తెలివి. కూలి కట్టింది మాత్రం కండకి."

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంబంధం లేనట్టు కన్వేయర్ బెల్టు సంగతి ఎత్తాడు. ఖనిజం మోసే బెల్టు చప్పుడు వినే, ఎక్కడ రోలరు పట్టేసిందో చెప్పేవాడట. కళ్లు మూసుకుని, వేలు ఇలా పైకెత్తి "అదిగో అక్కడ" అనేవాడట. ఇంజనీరు వచ్చి చూస్తే అక్కడే. "కాయితంలో మాత్రం నేను లేబరే." అక్కణ్ణించి కిరండూల్ రైలు, అరకు సొరంగాలు, విశాఖలో కూతురి కాపురం. నేనూ అడ్డుపడలేదు.

మళ్లీ దారికి తెచ్చింది నేనే. "మీ జిల్లావాడే నంబాళ్ల కేశవరావు. వరంగల్ ఆర్ఈసీలో ఇంజనీరింగ్ చదివినవాడు. మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. పుస్తకమా, కండా?"

"నువ్వే గెలిచావులేరా," అంటూ లేచాడు.

లుంగీ విప్పి ఇచ్చేశాను. గెలిచానని ఇంటికొచ్చి రాసుకుంటున్నాను కాబట్టి ఇదీ రాయాలి: తీర్పు వచ్చిన 2011లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు బలగం పేరుతో చట్టం చేసి, ఎస్పీవోలను అందులోకి తీసుకుంది.