వీధి ఎవరి సొత్తు?

ట్రాఫిక్ అనేది ఇంజనీర్లకు సంబంధించిన విషయమనీ, అందులో న్యాయాన్యాయాల ప్రసక్తి లేదనీ చదువుకున్నవాళ్ళలో చాలామంది అనుకుంటారు. నీరు పల్లానికి పోయినట్టు బండ్లు రోడ్డు మీద పోతాయి. అవి ఆగిపోతే రోడ్డు వెడల్పు చెయ్యాలి. చోటు లేకపోతే పైన ఇంకొక రోడ్డు కట్టాలి. ఇందులో తర్కించటానికి ఏమున్నదని వారి ఉద్దేశం. కాని నీటికి వర్గం లేదు, రోడ్డు మీద పోయేవాళ్ళకు ఉన్నది. వీధి వెడల్పు పరిమితమైనది. ఒకరికి పది అడుగులు ఎక్కువ ఇస్తే ఇంకొకరికి పది అడుగులు తగ్గి తీరుతాయి. పరిమితమైన వస్తువును పంచే ప్రతిచోటా న్యాయం ప్రశ్న వస్తుంది. భూమి పంపకం గురించి ఇంత రాసి, ఇంత పోట్లాడిన అభ్యుదయవాదులు ఆ ప్రశ్నను వీధి మొగదలలో ఎందుకు వదిలేశారన్నది నాకు అంతుపట్టని విషయం.

ముందు ఎవరు ఎలా పోతున్నారో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం, వ్యవసాయమూ ఇంటి పరిశ్రమలూ కాక ఇతర పనులు చేసేవారిలో నూటికి ఇరవైముగ్గురు దాకా పనికి నడిచి పోతున్నారు. పదముగ్గురు సైకిలు మీద, పదకొండుగురు బస్సులో పోతున్నారు. కారులో పోయేవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ తరవాత బండ్లు పెరిగిన మాట నిజమే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిదికి మించలేదు. ఇక 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయినట్టు కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. వారిలో 32 వేలకు పైగా నడిచిపోయేవారు. దాదాపు 75 వేలమంది మోటారు సైకిళ్ళ మీద, స్కూటర్ల మీద పోయేవారు. వీధిలో తక్కువ చోటు అడిగేవాడు ఎక్కువగా చస్తున్నాడు. ఎక్కువ చోటు ఆక్రమించేవాడు రోడ్లు చాలటం లేదని ఫిర్యాదు చేస్తున్నాడు.

ఆక్రమణ అన్న మాట ఊరికే వాడలేదు. ఒక కారు నిలపటానికి అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు చోటు కావాలి. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. బస్తీలో ఒక కుటుంబం అద్దెకుండే పదడుగుల గది తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. ఆ గదికి నెలనెలా అద్దె కట్టాలి. వీధిలో కారు పెట్టుకోవటానికి చాలాచోట్ల కానీ కట్టనక్కర లేదు. అదే చోట ఒకడు నాలుగు కర్రలు పాతి గోనెపట్టా కప్పుకుంటే అది ఆక్రమణ అవుతుంది; కారు పెడితే పార్కింగు అవుతుంది. రెండు పనులకూ రెండు పేర్లు పెట్టిన భాష ఏ వర్గానిదో వేరే చెప్పనక్కర లేదు.

ఈ ఏర్పాటు సహజమైనది కాదు. కార్లకు పుట్టిల్లనుకునే అమెరికాలోనే 1920ల దాకా వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవారు, తోపుడు బండ్లవాళ్ళు అమ్ముకునేవారు. కార్లు మనుషుల్ని చంపటం మొదలుపెట్టినప్పుడు జనం కార్లనే ముద్దాయిలుగా నిలబెట్టారు. 1923లో సిన్సినాటి నగరంలో 42 వేలమంది సంతకాలు చేసి, గంటకు 25 మైళ్ళకు మించి పోకుండా ప్రతి కారుకూ ఒక యంత్రం బిగించాలని కోరారు. మోటారు వ్యాపారులు ఏకమై, డబ్బు కుమ్మరించి, ఆ ప్రతిపాదనను వోట్లలో ఓడించారు. ఓడించి ఊరుకోలేదు. నేరాన్ని చంపినవాడి మీదినుంచి చచ్చినవాడి మీదికి మార్చే ప్రచారానికి పూనుకున్నారు. రోడ్డు దాటేవాడికి "జేవాకర్" అనే పేరును దేశమంతా వ్యాపింపజేశారు. "జే" అంటే ఆనాటి యాసలో పల్లెటూరి బైతు. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో ప్రచురించిన గ్రంథంలో ఈ కథ వివరంగా ఉన్నది. వీధి చేతులు మారింది మొదట మాటల్లో. చట్టాలు తరవాత వచ్చాయి.

మన దేశంలో ఆ పని మరీ తేలికైంది. దారిన నడవటం అందరి హక్కు అన్న సంగతిని మనం నిన్నమొన్న గాని ఒప్పుకోలేదు. తిరువాన్కూరు సంస్థానంలో వైకోం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కుకోసం 1924, 25 సంవత్సరాల్లో సత్యాగ్రహం చెయ్యవలసి వచ్చింది. చెప్పులు తొడుక్కుని ఊళ్ళో నడిచినందుకు దళితుల్ని కొట్టిన పల్లెలు మనవైపు కూడా ఉన్నాయి. కులం వేసిన అడ్డుకట్టా, కారు వేసిన అడ్డుకట్టా ఒకటేనని నేననను. మొదటిది మనిషిని మనిషే కాదన్నది. రెండవది మనిషిని చూడనే చూడదు. కాని పైవాడు వస్తుంటే కిందివాడు పక్కకు తప్పుకోవాలన్న అలవాటు మన ఒంట్లో అప్పటికే జీర్ణించి ఉన్నది. హారను మోత ఆ అలవాటును వాడుకున్నది.

పంపకాన్ని మార్చాలని ప్రయత్నిస్తే ఏమవుతుందో తెలుసుకోవటానికి ఢిల్లీ అనుభవం చాలు. 2008 ఏప్రిల్‌లో అక్కడ అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా, ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం, రోడ్డును కొత్తగా పంచారు. నడిమధ్య వరసలు బస్సులకు, వాటి పక్కవి కార్లకూ మోటారు సైకిళ్ళకూ, అంచున సైకిళ్ళకూ నడిచేవారికీ విడివిడిగా దారులు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో దినేశ్ మోహన్, గీతం తివారీ వంటి పరిశోధకులు ఏళ్ళతరబడి చెబుతూ వచ్చిన ఆలోచన ఇది. లోపాలు లేవని కాదు. నడిరోడ్డు మీది స్టాపుకు పోవాలంటే కార్ల వరసలు దాటాలి. చౌరస్తాల్లో సిగ్నళ్ళు కుదురుకోలేదు. తలపెట్టిన దారిలో సగం కూడా పూర్తి కాలేదు. కాని పత్రికల్లో, టెలివిజన్‌లో లేచిన గోల అంతా వీటి గురించి కాదు. బస్సుల వరస ఖాళీగా ఉంటే పక్కన కార్లు బారులు తీరి ఉన్నాయన్నది పెద్ద ఆరోపణ. నిమిషానికొక బస్సు, బస్సుకు యాభైమంది చొప్పున పోతే ఆ వరసలో గంటకు మూడువేలమంది పోతారు; అయినా మధ్యమధ్య అది ఖాళీగానే కనబడుతుంది. అదే మూడువేలమంది మనిషికొక కారు చొప్పున బయలుదేరితే ఆ వరస నిండిపోతుంది గాని మనుషులు కదలరు. ఖాళీగా కనిపించటం అక్కడ పనితనానికి గుర్తు. కారు అద్దంలోంచి చూసేవాడికి అది దుబారాలాగా కనిపించింది.

వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. కార్లలో పోయేవారు సంపద సృష్టించేవారనీ, వారి సమయం వృథా కాకూడదనీ కూడా అక్కడ వాదించారు. 2012 అక్టోబరులో కోర్టు ఆ పిటిషనును కొట్టేసింది. కోర్టు కాదన్నదాన్ని ప్రభుత్వం నెరవేర్చింది. సామాన్యుడి పేరునే పార్టీ పేరుగా పెట్టుకున్న ప్రభుత్వం 2015లో నిర్ణయించి, 2016లో ఆ వరసలను పీకించింది.

అసలు నైతిక ప్రశ్న ఆ వాదంలోనే ఉన్నది. ఒక మనిషి నిమిషం ఇంకొక మనిషి నిమిషం కన్న విలువైనదా? రోడ్లకు లాభనష్టాలు లెక్కగట్టే ఆర్థికశాస్త్రం సాధారణంగా అవుననే అంటుంది. ప్రయాణీకుడి సంపాదనను బట్టి అతని సమయానికి వెల కడుతుంది. కూలిరేటును న్యాయమని ఒప్పుకుంటే ఈ లెక్కనూ ఒప్పుకోవలసిందే. ఒప్పుకోనివాళ్ళకు సమయం అంటే ఆయుర్దాయం. నాలుగిళ్ళల్లో పాచిపని చేసి తిరిగిపోయే ఆడమనిషి రోడ్డు దాటటానికి పది నిమిషాలు నిలబడితే, ఆ పది నిమిషాలు ఆమె బిడ్డ దగ్గర ఉండవలసినవి. కారులోని పెద్దమనిషి పది నిమిషాల కంటే వాటి బరువు ఎందులో తక్కువ? మనిషికొక వోటు అని ఒప్పుకున్న రాజ్యం చౌరస్తాలో మాత్రం బండ్లను లెక్కపెడుతున్నది. రవాణా అంటే మనుషుల్ని చేరవెయ్యటం గాని బండ్లను కాదని 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసుకున్న తరవాత కూడా ఇదే లెక్క.

ఎంగెల్స్ 1845లో మాంచెస్టర్ గురించి రాస్తూ ఒక సంగతి గమనించాడు. ధనికులు తమ ఇళ్ళనుంచి వ్యాపారస్థలానికి పోయే పెద్ద వీధులకు రెండువైపులా దుకాణాలు వరసగా ఉంటాయి. వాటి వెనక ఉన్న కూలీల వాడలు వారి కంటబడకుండానే ప్రయాణం ముగుస్తుంది. మన ఫ్లైఓవరు ఆ దుకాణాల వరస అవసరాన్ని కూడా తీసేసింది. బస్తీ మీదుగానే పోవచ్చు, బస్తీని చూడనక్కర లేదు.

దీనికి కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. కారు, మోటారు సైకిలు స్వేచ్ఛనిచ్చాయని కొందరంటారు. ఇది తీసిపారెయ్యదగ్గ మాట కాదు. దొరల గడీ ముందు తలవంచుకు నడిచినవాడి మనవడు అదే వీధిలో మోటారు సైకిలు మీద పోవటంలో ఆత్మగౌరవం ఉన్నది. అతన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని బస్సు రానిచోట కొన్న బండి సగం స్వేచ్ఛ, సగం నిర్బంధం. జీతంలో కొంత పెట్రోలుకూ, కొంత వాయిదాలకూ కట్టి మరీ పనికి పోవలసి రావటాన్ని స్వేచ్ఛ అని పిలవటం మోటారు కంపెనీలకు లాభసాటి.

విద్యుత్ కార్లతో సమస్య తీరుతుందని ఇంకొందరంటారు. పొగ తగ్గుతుంది, మంచిదే. కాని విద్యుత్ కారు కూడా పన్నెండున్నర చదరపు మీటర్లు అడుగుతుంది. మనిషిని గుద్దితే మనిషి అట్లాగే చస్తాడు.

మూడవ అభ్యంతరం మనవైపునుంచే వస్తుంది. అన్నిటికన్న బరువైనది అదే. కాలిబాటలు అందంగా తీర్చిదిద్దటమంటే మన నగరాల్లో చాలాసార్లు తోపుడు బండ్లనూ, పేవ్‌మెంటు మీద బతికేవాళ్ళనూ తరిమెయ్యటమే. 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఆ నోటితోనే వారిని ఖాళీ చేయించవచ్చన్నది. 2014లో వీధి వర్తకుల చట్టం వచ్చింది. అయినా పోలీసు లాఠీ ముందు త్రాసు దాచుకునే పరిస్థితి పోలేదు. 2025 మే నెలలో అదే కోర్టు కాలిబాట మీద నడవటం 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనన్నది. ఈ తీర్పును పట్టుకుని జామపళ్ళమ్మే ముసలమ్మ మీదికి పోవటం సులభం. కాలిబాట మీద నిలిపిన కారు మీదికి పోవటం కష్టం. నడిచేవాడికీ అమ్ముకునేవాడికీ అయిదడుగుల కోసం తగవు పెట్టి, అరవై అడుగులు అనుభవించేవాడు తీర్పరిగా కూర్చుంటున్నాడు. ఆ తగవులో మనం ఇరుక్కోకూడదు. పంచవలసింది ఆ అరవై అడుగుల్ని.

ఇది మన దేశంలో జరిగే పని కాదనేవారు హాలండు వంక చూపించి, అక్కడి సంస్కృతి వేరంటారు. 1971లో హాలండు రోడ్ల మీద సుమారు 3,300 మంది చచ్చిపోయారు. వారిలో పిల్లలే నాలుగు వందలకు పైగా. అప్పుడు అక్కడా నగరాలను కార్లకోసం కూల్చి కడుతూనే ఉన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో "పిల్లల హత్యను ఆపండి" అనే శీర్షికతో వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఉద్యమానికి పేరయింది. తల్లులు, విద్యార్థులు, పిల్లలు రోడ్ల మీద బైఠాయించారు. 1973 చమురు సంక్షోభం వారికి కలిసొచ్చింది. నడిచేవారికి మొదటి హక్కు ఇచ్చే నివాస వీధులకు 1976లో చట్టబద్ధత లభించింది. ఇవాళ అక్కడ కనిపించే సైకిళ్ళు సంస్కృతి కాదు, పోరాట ఫలితం. "ప్రమాదం" అన్న మాటను తీసేసి "హత్య" అన్న మాట పెట్టటంతో ఆ పోరాటం మొదలైంది.

మనవైపు పునాది లేకపోలేదు. నైజాములో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణాను నిలబెట్టుకోవటానికి 2019లో తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు యాభై రోజులకు పైగా సమ్మె చేశారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేకుండా పోయింది. దీన్ని తాయిలమని వెక్కిరించేవాళ్ళు ఫ్లైఓవరును తాయిలమని ఎన్నడూ అనలేదు. అయితే బస్సు ఎక్కటం ఉచితమైనా స్టాపుదాకా నడిచిపోవటం ఇంకా ప్రాణాంతకంగానే ఉన్నది. బస్సులు చాలటం లేదు. ఉన్న బస్సులకు కార్లు దారివ్వటం లేదు.

అందుచేత విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ ఈ ప్రశ్నను ఇంజనీర్ల గదిలోంచి బయటికి తీసుకురావాలి. ఫలానా రోడ్డు మీద గంటకు ఎన్ని బండ్లు పోతున్నాయని కాక ఎంతమంది మనుషులు పోతున్నారో కాలేజీ పిల్లలే నిలబడి లెక్కపెట్టవచ్చు. అందుకు కాగితమూ పెన్సిలూ చాలు. ఆ లెక్కను మునిసిపాలిటీ ముందు పెట్టి, దాని ప్రకారం రోడ్డును పంచమని అడగాలి. ఎవరు కాదంటారో, ఏ కారణం చెబుతారో అప్పుడు బయటపడుతుంది.