పింఛనూ పనీ – రెండూ తీసుకోవచ్చునా?



ఈ ప్రశ్న నన్నడిగింది పాపసంకీర్తనంలో కాదు. ఆదివారం పూజ అయ్యాక, గుడి మెట్ల కింద చెప్పులు వేసుకుంటూ ఒకతను అడిగాడు. పేరు లేకుండా రాయవచ్చునని అతనే అన్నాడు కనుక రాస్తున్నాను.

"పింఛను తీసుకుంటున్న కదా ఫాదర్, పనికి పోతే తప్పయితదా?"

అతనికి నలభై దాటాయి. తుర్కపల్లి చుట్టుపక్కల మందుల కంపెనీలు వచ్చాక మన పల్లెల పిల్లలెందరో వాటిలో చేరారు గదా, ఇతనూ కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పని చేసేవాడు. మూత్రపిండాలు రెండూ చెడ్డాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో రాజీవ్ రహదారి మీద బస్సెక్కి నగరానికి పోయి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటాడు. ఇంటికొచ్చాక ఆ రోజుకిక పడుకోవడమే. మరునాడు కొంత తేలికగా ఉంటుంది. ఆ తేలిక రోజుల్లో తన కొట్టుకు వచ్చి లెక్కలు రాయమని ఒక కిరాణా వ్యాపారి పిలిచాడు. పూటకు 300 రూపాయలు. వీధిలో అప్పుడే మాట పుట్టింది: "సర్కారు పైసలు తింటుండు, దుకాణంల కూసుంటుండు" అని.

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడానికి ముందు, ఆ డబ్బు ఎలాంటిదో చూడాలి.

జబ్బు మొదలైనప్పుడు ఇతనికి ఇ.ఎస్.ఐ. నుండి డబ్బు వచ్చింది. అది ఎవరి దయా కాదు. 2019 జూలై నుండి కార్మికుని జీతంలో నూటికి ముప్పావలా, యజమాని వైపు నుండి మూడుంబావు రూపాయలు కట్టగా పోగైన నిధి అది. ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. క్షయ, మూత్రపిండాల వైఫల్యం వంటి దీర్ఘవ్యాధులకు ఆ తర్వాత 80 శాతం చొప్పున, ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళ దాకా ఇస్తారు. అయితే 1948 నాటి ఆ చట్టంలోని 63వ సెక్షను ఒక షరతు పెట్టింది. పనిచేసిన రోజుకు జబ్బు డబ్బు రాదు. గమనించండి, చట్టం రోజుల వారీగా లెక్కపెట్టింది. ఈ రోజు పని చేతకాదని డాక్టరు చేత రాయించుకుని, అదే రోజు ఇంకోచోట కూలి తీసుకుంటే అది అబద్ధమే. ఆ డబ్బు తోటి కార్మికులది, తిరిగి ఇవ్వవలసిందే. ఇక్కడ నేను మెత్తబడలేను. ఇతను ఆ తప్పు చేయలేదు. ఆ రెండేళ్ళూ ఎప్పుడో అయిపోయాయి.

ఇప్పుడు వస్తున్నది ఆసరా పింఛను. డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించింది. (వికలాంగుల పింఛను 2023లో 4,016 అయింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మూత్రపిండాల జబ్బు లేదు. ఎందుకు లేదో రోగికి ఎవరు చెప్పగలరు?) ఈ పింఛను జబ్బును చూసి ఇచ్చినదే కాని, ఖాళీగా కూర్చున్నందుకు ఇచ్చిన కూలి కాదు. కొట్టులో మూడు పూటలు కూర్చున్నంత మాత్రాన మూత్రపిండాలు బాగుపడవు, బస్సు ఛార్జీలు తగ్గవు. కాబట్టి పింఛను వరకు నా జవాబు సూటిగానే ఉంది: వెళ్ళు, పని చేసుకో.

పని చేయనివాడు తినరాదని పౌలుగారే అన్నారు గదా అని వీధిలో వాదించేవారు ఆ లేఖను మరోసారి తెరవాలి. తెస్సలోనికవారికి ఆయన రాసింది పనిచేయడానికి ఇష్టపడనివారి గురించి, చేయలేనివారి గురించి కాదు. కొంచెమే చేయగలిగి, ఆ కొంచెమూ చేయాలని తపించేవాడి గురించి అసలే కాదు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో శ్రమను గురించి వెలువరించిన విశ్వలేఖలో వికలాంగుల పనికి ప్రత్యేకంగా చోటిచ్చారు. పూర్తి శక్తి ఉన్నవారినే పనిలోకి రానివ్వడం మనిషి గౌరవానికి తగదని ఆయన భావం. నా సంగతే చెబుతాను. శస్త్రచికిత్స అయ్యాక మేత్రాణులవారు నన్ను చేతనైనంతే చేయమన్నారు. ఆరు నెలలు రోజుకొక్క పూజ మాత్రమే చేశాను. నా భోజనం ఎవరూ సగం చేయలేదు, ఎవరూ గొణగలేదు. గురువుకు దక్కిన ఈ మర్యాద ప్యాకింగ్ కార్మికుడికి ఎందుకు దక్కదు?

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చిన్నకొడుకు పేరు రేషను కార్డులో చేర్చాలి, కుటుంబ ఆదాయం రాయాలి. కార్డుకు పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. పల్లె లెక్కే వేశాం. భార్య క్యాంటీన్ పనికి నెలకు 9,000, అంటే ఏడాదికి 1,08,000. ఇతనికి నెలకు పన్నెండు పూటలు, ఏడాదికి 43,200. పింఛను కలపకుండానే మొత్తం 1,51,200. పన్నెండు వందలు దాటింది!

కాగితం నా ముందు పెట్టి, "రాయాల్నా ఫాదర్?" అన్నాడు.

సెమినరీలో మాకు అక్వినాసు తోమాసుగారి నీతిశాస్త్రం చెప్పేటప్పుడు 'ఎపికేయ' అనే సుగుణం గురించి చెప్పారు. చట్టం అక్షరాన్ని పట్టుకుంటే దాని ఉద్దేశమే చెడిపోయే చోట, ఉద్దేశాన్ని నిలబెట్టడం అది. పిచ్చెక్కినవాడు తాను దాచుకున్న కత్తి అడిగితే తిరిగి ఇవ్వకూడదు గదా, అలాగన్నమాట. పేదవాడికి బియ్యం అందాలన్నది ఈ పరిమితి ఉద్దేశమైతే, డయాలసిస్ రోగి పన్నెండు వందల దగ్గర ఓడిపోవడం ఆ ఉద్దేశం కాదు. ఇది నిజమే. కాని ఎవరి కేసుకు వారే న్యాయమూర్తులై కాగితం మీద అబద్ధపు అంకె వేయడం ఎపికేయ కాదు. మినహాయింపు అడగవచ్చు, దొంగిలించకూడదు.

"నిజమే రాయి" అనబోయి ఆగాను. కార్డు పోతే నలుగురికి మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు 24 కిలోల బియ్యం పోతాయి. ఆ మాట చెప్పడానికి నాకయ్యే ఖర్చు ఏమిటి? ఏమీ లేదు. ఖర్చంతా అతనిది. ఇలా చెప్పే నీతి మీద నాకే అసహ్యం కలిగింది. ఇంగ్లండులో జబ్బు భత్యం పొందేవారు వారానికి 16 గంటల లోపు, ఒక ఆదాయ పరిమితి దాకా పని చేసుకోవచ్చు. ముందుగా కార్యాలయానికి తెలపాలి, అంతే. అక్కడా బాధలున్నాయి, అక్కడ స్థిరపడిన మనవాళ్ళు చెబుతూనే ఉంటారు. కాని నిజం చెప్పడానికి ఒక తలుపంటూ ఉంది. మన దగ్గర ఒక గీత ఉంది. దాని ఇవతల అన్నీ, అవతల ఏమీ లేదు. అలాంటి గీత పక్కన నిలబెట్టి మనిషిని నిజాయితీగా ఉండమంటున్నాం.

ఆ సాయంత్రం విన్సెంట్ డి పాల్ సంఘం పెద్దలను పిలిచాను. కార్డు పోతే ఏడాదిపాటు ఆ 24 కిలోలు మన విచారణ ఇవ్వాలని అడిగాను. ఒకాయన, "ఇట్ల ఎందరికిస్తం ఫాదర్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఎందరు నిజం చెబితే అందరికీ అన్నాను గాని, నా దగ్గరా లెక్క లేదు. చివరికి ఒప్పుకున్నారు. ఆ తర్వాతే అతని ఇంటికి వెళ్ళి, "ఇప్పుడు రాయి" అన్నాను.

1,51,200 అని రాశాడు. కింద, జబ్బు సంగతీ ఆస్పత్రి రోజుల సంగతీ వివరిస్తూ మినహాయింపు కోరే నాలుగు వాక్యాలు నేను చెప్పగా రాశాడు. ఇచ్చిన చోట, "ఇవన్నీ ఎవరడిగిండ్రు?" అన్నారట. జవాబు ఇంకా రాలేదు. మంగళ, గురు, శనివారాల్లో కొట్టుకు వెళుతున్నాడు. వ్యాపారి అతనికోసం ఫ్యాను కింద వీపు ఆనుకునే కుర్చీ వేయించాడు.