కలిమిలేములు – శీలము

ధనము మనుష్యుని శీలమును చెరచునా? లేక అతనిలో దాగిన గుణమును బయటపెట్టునా? ఈ ప్రశ్నకు లోకములో రెండు తేలిక సమాధానములు కలవు. కలవాడు గర్విష్ఠి, లేనివాడు గుణవంతుడు అనునది ఒకటి. శ్రమించినవాడు సంపాదించును, సోమరి దరిద్రుడగును అనునది రెండవది. మొదటిది పేదవానిని పొగడును గాని కూడు పెట్టదు. రెండవది కలవానికి నిశ్చింత నిచ్చి కన్నులు మూయించును. రెండును సత్యమునకు దూరమే.

12వ శతాబ్దమున కల్యాణ పట్టణములో బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారి. రాజ్యధనము ఆయన చేతుల మీదుగా నడచెను. అక్కడనే ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి, వానితోనే దాసోహము జరిపెను. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ అంగీకరింపక, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెనని శరణుల కథ. ఆశ భాండాగారములోనే పుట్టునను నియమము లేదు. పిడికెడు బియ్యములోను పుట్టును. అయితే ఈ కథను చూపి కలవారు పేదలకు తృప్తిని బోధించుట తగదు. లక్కమ్మ పలికినది తన యింటి బియ్యమును గూర్చి. పొరుగింటి ఆకలిని గూర్చి కాదు.

మరి కలిమి చేయు హాని ఏది? అది ముందుగా మార్చునది హృదయమును కాదు, చూపును. లేనివాడు పదిమందిని అడుగక దినము గడపలేడు. కావున పదిమంది ముఖములు అతనికి తెలియును. కలవానికి ఆ అవసరము లేదు. అతని పరిచయములు క్రమముగా తనవంటివారికే పరిమితమగును. క్రూరుడు కాకయే అతడు పరుల కష్టము నెరుగనివాడగును. లేమికిని దాని హాని కలదు. రేపటి కూటికై నిత్యము భయపడువానికి నిజము పలుకుటయు కష్టమే.

ఇందుకు తెలంగాణములోనే నిదర్శనమున్నది. భూమికై సాయుధ పోరాటము సాగుచుండిన నల్లగొండ జిల్లాలో, 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే పోచంపల్లికి వచ్చెను. భూమిలేని దళిత కుటుంబములవారు 80 ఎకరములు కావలెనని కోరిరి. వినోబా ఆ కోరికను ఊరివారి యెదుట ఉంచగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదననెను. భూదానోద్యమము అచ్చట పుట్టినది. ఆ పేదలు ఆ ఊరికి క్రొత్తవారు కారు. వారి లేమియు క్రొత్తది కాదు. అడుగువారును ఇచ్చువారును ఒకచోట చేరుటయే క్రొత్త. అయినను తరువాత దేశమంతట దానమిచ్చిన భూములన్నియు పేదలకు చేరలేదు; సాగుకు పనికిరానివి, తగవులలో చిక్కినవి అందు ఎన్నో. ఒకనాటి ఔదార్యము నిత్యాచరణమైననే శీలమగును.

కాయక దాసోహముల బలము ఇక్కడనే తెలియును. కాయకము కలవానికి చెమట విలువ నెరిగించును. దాసోహము అతనిచే అనుదినము ఇతరుల ముఖము చూపించును. అది భిక్ష కాదు. ఇచ్చువాడే తాను దాసుడనని చెప్పుకొనుట.

మన సికింద్రాబాదులో జనరల్ బజారు వర్తకుడును, మోండా మార్కెటు హమాలీయు ఒకే వేళ ఇష్టలింగార్చన ముగించి పనికి బయలుదేరవచ్చును. అయినను ఒకరి పేరు మరొకరెరుగరు. ఉత్సవ పంక్తులలో పెద్ద చందాకు ముందు వరుస యిచ్చుచో ఆ దూరము మరింత పెరుగును. వారి పిల్లలను ఒకే పంక్తిలో, పక్కపక్కన కూర్చుండబెట్టుట పెద్దల కర్తవ్యము. పక్కన కూర్చుండి భుజించినవాని ఆకలిని మరచుట సులభము కాదు.