ఏశావు ఆకలి, యాకోబు కుండ

ధ్యాన భాగము: ఆదికాండము 25:29–34



ఒక పూట వంటకమునకు జ్యేష్ఠత్వమును అమ్ముకొన్న ఏశావును మనము తరచుగా నిందించుదుము. అట్టి అమ్మకము మన కనగానపల్లి ప్రాంతమున ఏటేట జరుగుచునే యున్నది. వాన తప్పును, వేరుశనగకు ఊడలు దిగవు, అప్పు పెరుగును. తొమ్మిదవ తరగతి పిల్లవాడు పుస్తకములు మూటగట్టి ధర్మవరమునకు పట్టుమగ్గము పనికో, బెంగళూరుకు బేల్దారి పనికో పోవును. ఆడపిల్లయైతే పెండ్లి మాట వచ్చును. అయితే ఒక భేదము కలదు. ఏశావు అమ్మినది తన హక్కును. తండ్రి అమ్మునది బిడ్డ హక్కును.

ఈ మాట ఒక తండ్రితో అనగా అతడు, “అయ్యగారూ, మావోడు పది పాసయ్యేదాకా వడ్డీ ఆగతాదా?” అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ రాత్రి ఈ భాగమును మరల చదివితిని. ఏశావు ఆకలితో వచ్చెను. యాకోబు కుండ నిండుగా నుండెను. తోడబుట్టినవానికి ఊరక పెట్టవలసిన అన్నమునకు యాకోబు వెల కట్టెను. మనము ఏశావును నిందించి, యాకోబును అడుగుట మరచితిమి.

చేతిపని నీచమా? కాదు. గమలీయేలునొద్ద చదివిన పౌలే డేరాలు కుట్టెను (అపొ. కా. 22:3, 18:3). మగ్గము నేర్పుట దోషము కాదు. వేరొక వాకిలి లేకుండ మూయుటయే దోషము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 14 ఏండ్ల వరకే బిడ్డ చేయి పట్టుకొనును. జారిపడు చోటనే విడుచును. పాలిటెక్నిక్‌నకును, ఐటిఐలోని అనేక విభాగములకును పదవ తరగతియే వాకిలి. పెనుకొండ దగ్గర అమ్మవారుపల్లిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. కర్మాగారము మన పొలిమేరకు వచ్చినను, పది దాటనివానికి అందలి నేర్పుగల పని దూరదేశమే.

సంఘమా, మన కుండ ఏది? అందరి అప్పులు మనము తీర్చలేము. అయినను కోత పండుగ కానుకలో కొంత బస్సు ఖర్చునకును, పరీక్ష ఫీజునకును తీసి యుంచలేమా? పదిలో తప్పిన బిడ్డను “ఇక చాలు” అనక, సప్లిమెంటరీ పరీక్షకు కూర్చుండబెట్టలేమా? మనలో చదువుకొన్నవారు సాయంకాలము గుడిలో లెక్కలు చెప్పలేరా? ఒక్క కరవు యేడు ఆ ఇంటి గింజల భారమును పది ఇండ్లు పంచుకొనలేవా?

వెల అడుగక పెట్టుదము. ఆకలి తీరినయెడల ఏశావు తన హక్కును ఏల అమ్ముకొనును? ప్రభువు మన చేతులను తెరచునుగాక. ఆమేన్.