ఆగడానికి ఎన్ని సెకన్లు?

లేత్ మిషన్‌కి మోటార్ డ్రైవ్ బిగించాక అందులో నింపాల్సిన అంకెలు చాలానే ఉంటాయి. వాటిలో రెండు మరీ మామూలుగా కనిపిస్తాయి: మోటార్ పూర్తి వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు, ఆ వేగం నుంచి ఆగడానికి ఎన్ని సెకన్లు. ఈ రెండోది పైకి టెక్నికల్ ప్రశ్నే. లోపల మాత్రం ఒక ధర్మసందేహం ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో బతికే నాలాంటివాళ్లకి ఆపడమంటే ఒక ఆజ్ఞ. ప్రోగ్రామ్‌ని చంపేస్తే ఆ క్షణంలోనే పోతుంది. ఇనుముతో అలా కుదరదు. నిమిషానికి 1000 చుట్లు తిరిగే చక్‌లో, 500 చుట్ల దగ్గర ఉన్నదానికి నాలుగు రెట్ల శక్తి ఉంటుంది. ఆగమంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి. డ్రైవ్ వేగం తగ్గిస్తున్నప్పుడు మోటారే కాసేపు జనరేటర్‌గా మారి, కరెంటుని డ్రైవ్‌లోకి వెనక్కి తోస్తుంది. దాన్ని వేడిగా ఖర్చుపెట్టే బ్రేకింగ్ రెసిస్టర్ ఉంటే సరే. అది లేకుండా బరువైన చక్‌ని 1 సెకనులో ఆగమంటే, లోపలి వోల్టేజీ హద్దు దాటుతుంది. కొన్ని డ్రైవ్‌లు సమయాన్ని తామే పొడిగించుకుంటాయి. మిగతావి ట్రిప్ అవుతాయి. ట్రిప్ అయ్యాక మోటార్ మీద అదుపు ఉండదు, చక్ తనంతట తాను ఆగేదాకా తిరుగుతూనే ఉంటుంది. తొందరపెట్టినందుకు మరింత ఆలస్యమన్నమాట.

పాత లేతుల్లో ఇంకో చిక్కు. చక్‌ని స్పిండిల్‌కి మరలతో బిగిస్తారు. స్పిండిల్ చటుక్కున ఆగితే, చక్ తన ఊపులో తాను తిరుగుతూ మర విప్పుకుని ఊడిరావచ్చు.

సరే, 20 సెకన్లు పెట్టేద్దాం, నిదానమే ప్రధానం అంటారా? ఇప్పుడు బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో ఒక షెడ్డులో రోజంతా చిన్న పీసులు తిప్పే మనిషిని ఊహించుకోండి. పీసుకి 20 సెకన్లు ఊరికే నిలబడాలి. 100 పీసులకి అరగంట దాటిపోతుంది. కూలి పీసు లెక్కనైతే ఆ అరగంట అతని జేబులోంచే పోతుంది. అప్పుడు చెయ్యి తిరుగుతున్న చక్ మీదకి వెళ్తుంది, అరచేత్తో అదిమి ఆపడానికి. చొక్కా చెయ్యో, ఉంగరమో చిక్కుకుంటే దానికి మనం పెట్టే పేరు నిర్లక్ష్యం. ఆ చేతిని అటు పంపడంలో ఆ 20కి వాటా లేదా?

అంకె పెట్టేది ఒకరు, దాని ముందు రోజంతా నిలబడేది ఇంకొకరు. పెద్ద అంకె పెట్టి జాగ్రత్త పడ్డాననుకోవడం తేలిక. ఆ జాగ్రత్త ఎవరి కోసం? డ్రైవ్ ట్రిప్ కాకుండా, తనకి ఫోన్ రాకుండా ఉండటం కోసమా, లేక అక్కడున్న చేతి కోసమా? ఈ రెండూ ఒకటి కాకపోవచ్చు.

నియమాలు చూసుకుంటే చాలదా అనొచ్చు. యంత్రాల విద్యుత్ భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 ఉంది. ఎమర్జెన్సీ స్టాప్‌కి అది రెండు దారులు ఒప్పుకుంటుంది: వెంటనే కరెంటు తీసెయ్యడం, లేదా అదుపులో ఉంచి ఆపి, ఆ తర్వాత తీసెయ్యడం. ఏది సరైనదో ఆ మిషన్‌లోని ప్రమాదాల్ని అంచనా వేసి తేల్చుకోవాలి. అంటే నియమం కూడా చివరికి మనల్ని మిషన్ దగ్గరికే పంపుతుంది. అక్కడ బిగించే అతి బరువైన పీసు ఏది, ఎంత వేగంతో తిప్పుతారు, చక్ ఎలా బిగించి ఉంది, ఆగేదాకా ఆ మనిషి ఏం చేస్తుంటాడు? చివరి ప్రశ్న మాన్యువల్‌లో ఉండదు, అతన్నే అడగాలి.

తిరిగేదాన్ని ఆపాలంటే ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. రెసిస్టర్ కొంటే యజమాని డబ్బు పెడతాడు. కొనకపోతే కూలీ తన సమయం పెడతాడు. సమయానికి కూలి కట్టివ్వకపోతే అరచెయ్యి పెడతాడు. డ్రైవ్ తెరమీద సెకన్లలాగా కనిపించే ఆ అంకె, నిజానికి ఈ ముగ్గురిలో బిల్లు ఎవరికి వెళ్లాలో రాసిన చీటీ.