చింతామణికి జరిగిన అవమానం

ఇందుకూరుపేటలో నా చిన్నప్పుడు తిరునాళ్లకి రాత్రంతా 'చింతామణి' నాటకం ఆడేవాళ్లు. సుబ్బిశెట్టి రంగం మొదలవగానే అమ్మమ్మ నన్ను లేపి ఇంటికి తీసుకుపోయేది. "మనం వినేవి కావులేమ్మే" అనేది. ఇంట్లో పడుకున్నా మైకులో అన్నీ వినిపించేవి. మగవాళ్ల నవ్వులు కూడా. ఇద్దరం నిద్రపోయినట్టు నటించేవాళ్లం.

కాళ్లకూరి నారాయణరావు ఈ నాటకాన్ని వేశ్యాలోలత్వాన్ని ఖండించడానికే రాశారు. ఊళ్లలో మిగిలింది మాత్రం బూతు. ఆర్యవైశ్యుల అభ్యంతరంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని నిషేధించింది. ఒక కులాన్ని నవ్వులపాలు చెయ్యడం తప్పే, వాళ్ల బాధా నిజమే. కానీ కూతురి శరీరంతో బేరమాడే తల్లిగా, డబ్బు గుంజే కూతురుగా ఇన్నేళ్లూ వేదికమీద నిలబెట్టిన కళావంతుల స్త్రీల అవమానం ఆ నిషేధం లెక్కలోకి రాలేదు. గాయపడ్డామని చెప్పుకోవడానికి కూడా ముందు పరువు ఉండాలా?

1923లో న్యూయార్కులో షోలెం ఆష్ యిడ్డిష్ నాటకాన్ని ఇంగ్లిషులో ఆడిన నటులమీద అశ్లీలత కేసు పెట్టారు. అదీ వేశ్యాగృహం కథే. అక్కడ కూడా ఫిర్యాదు యూదు సమాజం పరువు గురించే. ఆ ఇంట్లో బతికే ఆడపిల్లల గురించి కాదు.

సరే, బూతు తీసేస్తే చింతామణికి న్యాయం జరుగుతుందా? అసలు మాటలే లేని చింతామణి ఒకరుంది. 1919లో కలకత్తా మదన్ థియేటర్స్ తీసిన 'బిల్వమంగళ్' మూకీలో గోహర్ ఆ పాత్ర వేసింది. 12,000 అడుగుల ఆ చిత్రంలో 594 మీటర్లు, అంటే ఆరోవంతు, పారిస్ సినిమాటెక్‌లో మిగిలి ఉంటే దాని ప్రతి పూణే ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. మూకీలో ఆమె ఏమన్నా మధ్యలో వచ్చే అక్షరాల పలకలే చెప్పాలి. మన రంగస్థలం మీద గొంతు ఉంది గానీ ఆ మాటలు రాసింది పురుషుడు. పలికిందీ చాలాకాలం స్థానం నరసింహారావు లాంటి పురుషులే. కాబట్టి బూతుని తొలగించడమూ ఆమెకి మాటనివ్వడమూ ఒకటి కావు. నిషేధం మొదటిది చేసి, రెండోదానికి దారి మూసేసింది.

మా అమ్మమ్మ చేసిందీ ఒకరకం నిషేధమే. పెద్దయ్యాక ఆ సంగతి ఎత్తితే నవ్వింది. "నేను వినలేదనుకున్నావా? వాడికి బుద్ధి చెప్పింది ఆమే గదా. ఆ మాట కాడ మాత్రం ఒక్కడూ ఈల వెయ్యడు" అంది.

ఇన్నేళ్లూ మూసిన కళ్లతో ఆమె నాటకమంతా విన్నది. పక్కనే పడుకుని నేను వినలేదు.